పట్టీ కట్టుకుని పంజాగుట్ట దాకా

ఖైరతాబాద్‌లో మెట్రో ఎక్కితే ఎర్రమంజిల్, పంజాగుట్ట, ఆ తర్వాత అమీర్‌పేట. సీటు దొరికి సర్దుకు కూర్చునేలోపే దిగాల్సి వస్తుంది. ఆ శనివారం నేను ఆ దారిని కాళ్లతో కొలవాలనుకున్నాను. అదీ తిన్నగా కాదు, నెక్లెస్ రోడ్డు వైపు నుంచి చుట్టు తిరిగి, ఛాతీకి ఒక పట్టీ, ఎడమ మణికట్టుకి ఒక వాచీ కట్టుకుని. రెండూ గుండె వేగం చెప్పేవే, రెండూ నావి కావు. పట్టీ మా చెల్లెలి కొడుకుది. వాచీ మా ఆయన రిటైరైన రోజు ఆఫీసువాళ్లు చేతిలో పెట్టింది. వ్యాయామం కోసం ఇలాంటిది నేనూ ఒకటి కొనాలా, అక్కర్లేదా అన్నది ఆ సాయంత్రంలోగా తేలాలి. మర్నాడు పొద్దున్నే మావాడికి పట్టీతో పనుంది.

నా వయసు 54. ఉండేది చింతల్ బస్తీలో. నాలుగేళ్లుగా బీపీకి మెటోప్రొలాల్ మాత్ర వేసుకుంటున్నాను. ఈ మాత్ర సంగతి గుర్తుపెట్టుకోండి, కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది. మా వాకింగ్ జట్టులో ఇప్పుడు వాచీ లేని చెయ్యి నాదొక్కటే. 2021 అక్టోబరులో కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్లకే పోయినప్పుడు, ఆ మరుసటి ఫిబ్రవరిలో మంత్రి మేకపాటి గౌతంరెడ్డి 50 ఏళ్లకే ఈ హైదరాబాద్‌లోనే పోయినప్పుడు జట్టులో మొదలైన మాటలు ఇంకా ఆగలేదు. ఇద్దరూ ఒంటిని బాగా చూసుకునేవాళ్లని పేరున్నవాళ్లు. వాళ్లకే అలా అయితే మన గతేమిటని అందరికీ భయం పట్టుకుంది. ఆ భయంలోంచే వాచీలు వచ్చాయి. గుండె హద్దు దాటితే చేతి మీద గంట కొడుతుందట, అదొక భరోసా.

పట్టీ కట్టుకోవడం గురించి మగవాళ్లు రాసినవే ఎక్కడ చూసినా కనిపిస్తాయి కాబట్టి ఇది చెప్పాలి. రొమ్ముల కింద, లోపలి దుస్తుల అంచుకి ఆనుకుని, చర్మానికి గట్టిగా తగిలేలా కట్టుకోవాలి. పట్టీ లోపలి వైపు రెండు రబ్బరు పలకలుంటాయి. వాటిని నీళ్లతో తడపకపోతే అంకె రాదు. వచ్చినా 40 దగ్గర మొదలై 190కి ఎగిరి పిచ్చివేషాలు వేస్తుంది. చెమట పట్టాక తనంతట తనే దారిలో పడుతుంది. చీర మీద ఇది కుదరదు, చుడీదార్ వేసుకున్నాను. కాసేపు ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టే ఉంది. బండి ఎక్కేసరికి మర్చిపోయాను.

మావాడు స్కూటర్ మీద పీపుల్స్ ప్లాజా దగ్గర దింపాడు. ఆగస్టు మొదటివారం, సన్నటి తుంపర. హుస్సేన్‌సాగర్ మీంచి వచ్చే గాలికి ఉండాల్సిన వాసన ఉంది. ఆ ఆవరణ నిండా పరుగు జనమే. ఆ నెలాఖరులో జరిగే హైదరాబాద్ మారథాన్‌కి మొదటి గీత గీసేది ఇక్కడే. మావాడికి అది మొదటి ఫుల్ మారథాన్. 42 కిలోమీటర్ల పైచిలుకు, దారి పొడవునా ఫ్లైఓవర్లు. అందుకే వాడు ఆ పట్టీని పూజలో కంకణంలా చూసుకుంటాడు.

"పెద్దమ్మా, ముందు రెండిట్లో ఏ అంకె వస్తోందో చూడు," అన్నాడు ఫోను నా చేతికిస్తూ. నిలబడి ఉండగా పట్టీ 62, వాచీ 63. ఇంత బాగా కలిసినప్పుడు గొడవేముంది, రెండువేల లోపు దొరికే వాచీ చాలదా అనిపించింది.

నడక మొదలుపెట్టాక రెండూ విడిపోయాయి. చదునుగా ఉన్న రోడ్డు మీద పట్టీ 86 అంటుంటే వాచీ 116 అంటోంది. పోనీ కాసేపటికి సర్దుకుంటుందనుకుంటే అక్కడే అతుక్కుపోయింది, 115, 116, 117. మావాడు నా పక్కనే నడుస్తూ నోట్లో ఏదో లెక్కపెట్టుకుని నవ్వాడు. "నీ అడుగులు నిమిషానికి 116 పెద్దమ్మా. వాచీ చెబుతోంది అదే."

దీని వెనక మర్మం వింటే అర్థమవుతుంది. వాచీ అడుగున ఆకుపచ్చ దీపాలుంటాయి. రక్తం ఆకుపచ్చ వెలుగుని బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టినప్పుడల్లా మణికట్టులోకి రక్తం పొంగుతుంది, వెనక్కొచ్చే వెలుగు ఆ క్షణానికి తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గుల్నే వాచీ లెక్కగడుతుంది. చెయ్యి ఊగుతూ ఉంటే అడుగు పడ్డప్పుడల్లా కూడా వెలుగు అదురుతుంది. రెండు తాళాల్లో ఏది గుండెదో వాచీకి తెలియక గట్టిగా వినిపించేదాన్ని పట్టుకుంటుంది. పైగా నా చేతికి గాజులు. అవి వచ్చి తగిలినప్పుడల్లా వాచీ జారేది. గాజుల పైకి, మోచేతి వైపు రెండు వేళ్ల ఎత్తున బిగించి కట్టాక కొంత బుద్ధిగా ఉంది. మణికట్టు మీద పచ్చబొట్టు ఉన్న చేతులకి ఇంకా చిక్కు, ఆ సిరా వెలుగుని అడ్డుకుంటుంది.

పట్టీది వేరే దారి. అది వెలుగుతో కాదు, గుండె కొట్టుకోవడానికి ముందు పుట్టే విద్యుత్తుతో పని చేస్తుంది. ఆస్పత్రిలో తీసే ఈసీజీకి చిన్నచెల్లెలన్నమాట. ఫిన్లండ్‌లో సెప్పో సయనాయకంగస్ అనే ఆచార్యుడు 1977లో పోలార్ కంపెనీ పెట్టాడు. మంచు మీద స్కీలతో దౌడు తీసే వాళ్ల దేశపు ఆటగాళ్లకి పరుగు మధ్యలో నాడి ఎలా చూడాలన్నదే వాళ్ల సమస్య. 1982లో తీగ లేకుండా ఛాతీ నుంచి మణికట్టుకి కబురు పంపే పరికరం అమ్మకానికి పెట్టారు. మంచులో పుట్టిన ఆ సాధనం ఇప్పుడు ఖైరతాబాద్ తుంపరలో నా చుడీదార్ కింద పని చేస్తోంది.

రైలు పట్టాల మీదుగా ఖైరతాబాద్ వైపు దింపే ఫ్లైఓవర్ ఎక్కడం మొదలుపెట్టాం. నా అసలు పరీక్ష ఇదే. మావాడు తన ఫోన్లోని పట్టీ యాప్‌లో నా వయసు కొట్టి ఉంచాడు. యాప్ 220లోంచి 54 తీసేసి నా గుండెకి గరిష్ఠ వేగం 166 అని ఖాయం చేసుకుంది. ఆ లెక్కన ఓ మోస్తరు వ్యాయామమంటే 106 నుంచి 126 దాకా రావాలి. సగం ఎత్తుకి 97. తుంపరకి కాలు జారి పిట్టగోడ పట్టుకున్నాను, చెప్పులాంటి ఆ పాత షూ అడుగు నున్నగా అరిగిపోయింది. పైకి చేరేసరికి 104. నాకు ఊపిరి అందడం లేదు. మావాడు ఏదో అడిగితే చెయ్యి ఊపి ఆగమన్నాను. ఫోను మాత్రం 'లైట్' అని నీలం రంగులో చూపిస్తోంది.

"ఇంకొంచెం స్పీడ్‌గా నడవమంటోంది పెద్దమ్మా."

"దాన్నొచ్చి నడవమను," అన్నాను, మాట వచ్చాక.

ఫ్లైఓవర్ దిగాక ఖైరతాబాద్ వినాయకుడి కోసం సర్వి కర్రలు కట్టిన చోటు దాకా వెళ్లి చూసొచ్చాం. 1954లో ఒక్క అడుగు విగ్రహంతో మొదలైన సంబరం ఇది. 2024లో 70 అడుగులకి ఎక్కింది. ఆ కర్రల మీద పిల్లవాడొకడు చెప్పుల్లేకుండా నాలుగంతస్తుల ఎత్తుకి పాకుతుంటే నా అంకె నిలబడ్డ చోటే 74 నుంచి 83కి వెళ్లింది. ఒక్క అడుగూ వెయ్యలేదు, చూశానంతే. రాజ్‌భవన్ రోడ్డులో చెట్లున్నాయి, బెల్లావిస్టా ప్రహరీ పక్కన నడవడం హాయి. ఒకప్పుడు బేరార్ యువరాజు ఉన్న ఆ భవంతిలో ఇప్పుడు అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ నడుస్తోంది. అక్కడ మా ఇద్దరి అంకెలూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాం.

వాడి వయసు 29. నాతో పాటు నడుస్తుంటే వాడికి 92. నిన్న ఇదే రోడ్డులో మెల్లగా పరిగెత్తితే 158 చూపించిందట. డిసెంబరులో అదే వేగానికి 146 వచ్చేదట. ఉక్కపోత తేడా అది. ఒళ్లు చల్లబడాలంటే గుండె చర్మానికి కూడా రక్తం పంపాలి, చెమట పోయినకొద్దీ రక్తంలో నీరు తగ్గుతుంది, తక్కువ సరుకుతో ఎక్కువ ఇళ్లకి పంచాల్సొచ్చి గుండె జోరు పెంచుతుంది. గడియారం ఒక్కటే చూసుకుని డిసెంబరు వేగంతోనే పరిగెత్తే కుర్రాడు ఆగస్టులో సగం దారికే చతికిలపడతాడు. మావాడికి ఈ పట్టీ ఉపయోగం అక్కడుంది. వేగంగా పొమ్మని చెప్పడానికి కాదు, ఆగమని చెప్పడానికి. ఈ వయసు కుర్రాళ్లకి మెల్లగా పరిగెత్తడమంటే నామోషీ. పక్కవాడు దాటిపోతే ప్రాణం ఒప్పుకోదు. అంకె హద్దు దాటితే నడవాలని వాడు ఒట్టు పెట్టుకున్నాడు కాబట్టి నడుస్తున్నాడు. అమ్మ చెబితే వినేవాడు కాదు.

సోమాజిగూడ మీదుగా పంజాగుట్ట చేరేసరికి తొమ్మిదైంది. కూడలి దాటడం వ్యాయామ శాస్త్రంలో ఎక్కడ చేరుస్తారో తెలియదు గానీ, ఆర్టీసీ బస్సు ఒకటి చెవి పక్కన హారన్ కొట్టినప్పుడు నా అంకె 98. అంటే ఫ్లైఓవర్ ఎక్కినంత వ్యాయామం అయినట్టే యాప్ రాసుకుంది.

నిమ్స్ ఆస్పత్రి దాటాక ఒక సందులో మా డాక్టరు గారి క్లినిక్. నెల నెలా బీపీ చూపించుకోవడానికి వెళ్లే చోటే. పట్టీ సంగతి చెప్పి, ఫ్లైఓవర్ మీద 104కే ఊపిరాడలేదని, యాప్ దాన్ని తేలిక అందని చెప్పాను. ఆవిడ ముందు పట్టీ వంక చూడలేదు, నా చీటీ వంక చూశారు.

"అమ్మా, మీరు వేసుకునే మాత్ర చేసే పనే అది. గుండె తొందరపడకుండా పట్టి ఉంచుతుంది. మరి 220లోంచి వయసు తీసేసే లెక్క మీకెలా పనికొస్తుంది? మీకు 104 అంటే ఇంకొకరికి 125తో సమానం కావచ్చు. ఆ ఫోను మాట విని 126 దాకా తోసుకుంటూ పోతే కళ్లు తిరిగి పడతారు."

"మాత్ర ఆపేసి చూస్తే..."

"ఆ పని మాత్రం చెయ్యకండి. హఠాత్తుగా మానేస్తే గుండె తిరగబడుతుంది."

ఆ లెక్క మాత్ర లేనివాళ్లకీ అంత నమ్మదగింది కాదట. 1971లో కొందరు అమెరికా వైద్యులు చేతికందిన అధ్యయనాల నుంచి గీసిన గీత అది. ఒకే వయసువాళ్లలోనే గరిష్ఠ వేగం పది పన్నెండు అటూ ఇటూ ఉండటం మామూలు. 2001లో తనకా అనే పరిశోధకుడి బృందం దాన్ని సవరించి, వయసుని 0.7తో హెచ్చవేసి 208లోంచి తీసెయ్యమంది. అలా చూస్తే నాకు 170 వస్తుంది. నాలుగు అంకెల తేడా. మాత్ర వల్ల వచ్చే తేడా ముందు అదెంత?

"మరి నేనెంత గట్టిగా నడుస్తున్నానో తెలిసేదెలా?" అన్నాను. ఆవిడ స్వీడన్ దేశపు గున్నార్ బోర్గ్ అనే మనస్తత్వవేత్త తయారుచేసిన కొలబద్ద ఒకటి గీసి చూపించారు. ఆరుతో మొదలై ఇరవైతో ముగుస్తుంది. ఆరంటే కుర్చీలో కూర్చున్నట్టు, ఇరవై అంటే ఇక ప్రాణం పోతుందన్నట్టు, మధ్యలో పదమూడు అంటే కొంచెం కష్టంగా ఉందన్నట్టు. ఆరు నుంచే ఎందుకంటే పదితో గుణిస్తే ఆరోగ్యంగా ఉన్న పడుచువాళ్ల గుండె వేగం సుమారుగా వచ్చేలా అమర్చాడాయన. నాకు గుణకారం పనికిరాదు, అంకె ఒక్కటే పనికొస్తుంది. రోజూ పన్నెండు పదమూడు దగ్గర నడవాలి. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అలా వారానికి 150 నిమిషాలకి తగ్గకుండా చేస్తే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన కనీసపు లెక్క సరిపోయినట్టే. ఫ్లైఓవర్ మీద నాది పదిహేను.

జట్టులో అందరి భయమూ ఆవిడ ముందు పెట్టాను. వాచీ ఉంటే గుండెపోటు ముందే తెలుస్తుందా? తెలియదన్నారు. పట్టీ అయినా వాచీ అయినా చెప్పేది గుండె ఎంత వేగంగా కొడుతోందో. రక్తనాళంలో పూడిక ఉందో లేదో కాదు. పూడిక ఉన్నవాళ్లకీ అంకె చక్కగా 72 ఉండొచ్చు. ఛాతీ మీద బరువు, దవడలోకో చేతిలోకో పాకే నొప్పి, ఊరికే చెమట పట్టడం, ఇవి వస్తే అంకె వంక చూస్తూ కూర్చోకుండా ఆస్పత్రికి పరిగెత్తాలి. అనుమానం ఉన్నవాళ్లకి టీఎంటీ పరీక్ష ఉంది. కిందటేడు నాకూ చేయించారు. ఛాతీ నిండా తీగలు అంటించి, కదిలే పట్టా మీద నడిపిస్తారు. మూడు నిమిషాలకొకసారి వేగమూ పెరుగుతుంది, వాలూ పెరుగుతుంది. మొదటి మెట్టులో గంటకి 2.7 కిలోమీటర్లు, మూడో మెట్టుకి వచ్చేసరికి 5.5, నిట్టనిలువు గుట్ట ఎక్కినట్టు ఉంటుంది. పక్కన డాక్టరు నిలబడి గీతల ఆకారం చూస్తారు. ఆ చూపు పట్టీకి లేదు.

లేచి వస్తుంటే అలవాటుగా నా మణికట్టు మీద మూడు వేళ్లు వేశారు. అల్లోపతి చదివినావిడ, చేతిలో మిషన్ ఉంది, అయినా వేళ్లు వేశారు. మన బసవరాజీయం లాంటి గ్రంథాలు నాడీ పరీక్షకి పెద్దపీట వేశాయి. వాతానికి పాము నడక, పిత్తానికి కప్ప గెంతు, కఫానికి హంస నడక అని పాత వైద్యులు నడక తీరు చూసేవారే గానీ నిమిషానికి ఎన్ని అని లెక్కపెట్టేవారు కాదు. లెక్కకి గడియారం కావాలి కదా. 1707లో జాన్ ఫ్లాయర్ అనే ఇంగ్లీషు వైద్యుడు సరిగ్గా ఒక్క నిమిషం నడిచే గడియారాన్ని నాడి కోసమే చేయించాడు. ఆ నిమిషం దగ్గరే మనం ఇంకా ఉన్నాం, దానికి దీపాలూ పట్టీలూ తగిలించుకుని.

పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా మెట్రో నీడలోనే నడక. కోచింగ్ సెంటర్ల బోర్డులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న ఊరది. ఎలక్ట్రానిక్స్ షాపులో కుర్రాణ్ణి ఛాతీకి కట్టే పట్టీ ఉందా అని అడిగితే అతను బీపీ మిషన్ తీశాడు. కాదంటే వేలికి పెట్టే ఆక్సీమీటర్ తీశాడు. 2021 కోవిడ్ రెండో వేవ్‌లో దాని కోసం ఎంత తిరిగామో, ఇప్పుడది ప్రతి ఇంట్లో సొరుగు అడుగున పడి ఉంది. అందులోనూ నాడి అంకె కనబడుతుంది. కదలకుండా కూర్చుంటే బాగానే చెబుతుంది. నడక ఆపి చూసుకునేవాళ్లకి అదే చాలు, కొత్తది కొననక్కర్లేదు.

"ఆ పట్టీలు ఆన్‌లైన్లనే దొరుకుతయి మేడం. ఇది దీస్కోండ్రి, గుండె, బీపీ, షుగర్ గూడ సూపిస్తది," అని వాచీ ఒకటి ముందు పెట్టాడు.

"షుగర్ ఎట్లా చూపిస్తుంది బాబూ, సూది లేకుండా?"

"సూపిస్తది మేడం. సెన్సార్ ఉంటది."

చర్మానికి సూది గుచ్చకుండా తనంతట తానే షుగర్ చెప్పే వాచీ దేనికీ తాము అనుమతి ఇవ్వలేదని, అలాంటి అంకె నమ్మి ఇన్సులిన్ వేసుకుంటే ప్రమాదమని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. అతనితో వాదం పెట్టుకోలేదు. మావాడు మాత్రం ఆ వాచీ తీసుకుని బల్ల మీది నీళ్ల సీసాకి చుట్టి చూశాడు. సీసాకి 78 వచ్చింది. షాపు కుర్రాడూ నవ్వాడు.

మెట్రో స్టేషన్ మెట్ల మీద ఆఖరి పరీక్ష చేశాం. ఎస్కలేటర్ వదిలేసి ఎక్కాను. పైన ఆగి, ఫోను చూడకముందే బోర్గ్ లెక్కలో నాదెంతో చెప్పమన్నాడు మావాడు. పద్నాలుగన్నాను. పట్టీ 102. ఫ్లైఓవర్ మీద పదిహేనుకి 104, చదును రోడ్డు మీద పదికి 86. నా ఊపిరీ ఆ అంకే ఒక వరసలోనే పోతున్నాయి. యాప్ పెట్టిన పేర్లే తప్పు, అంకె తప్పు కాదు. ఈ వరస తెలిశాక ఇంక నాకు పట్టీ చెప్పే కొత్త సంగతి ఏముంది?

మంచి పట్టీ మూడు నాలుగు వేల నుంచి పదివేల దాకా ఉంది. లోపల నాణెమంత బ్యాటరీ ఎప్పుడో గానీ అయిపోదు గానీ, చెమట ఉప్పుకి సాగే గుడ్డ వదులైపోతుంది, వాడిన ప్రతిసారీ కడిగి ఆరెయ్యాలి. మావాడి లాగా ఒక పందేనికి తయారయ్యేవాళ్లు కొనుక్కోవాల్సిందే. బైపాస్ అయినవాళ్లో స్టెంట్ పడ్డవాళ్లో, ఇంత అంకె దాటొద్దని డాక్టరు కాగితం మీద రాసిచ్చినవాళ్లు ఉంటే వాళ్లకి వాచీ కాదు, పట్టీయే సరైనది. రోజూ ఒకే రోడ్డులో గంటసేపు నడిచే నాలాంటివాళ్లు ఒకసారి ఎవరిదైనా అడిగి తెచ్చుకుని, తమ ఊపిరికి ఏ అంకె వస్తుందో చూసుకుని తిరిగిచ్చేస్తే సరిపోతుంది. మాత్ర మారితేనో డోసు మారితేనో మళ్లీ ఒకరోజు అడుక్కోవాలి, అంతే. పదివేల వాచీ ఉన్నందువల్ల రోజూ నడవబుద్ధేస్తోందనే స్నేహితురాలు ఒకామె ఉంది మా జట్టులో. ఆమెతో నాకు పేచీ లేదు, ఆ పదివేలకి ఆమె కాళ్లు కదిలాయి.

"అయితే కొనవా పెద్దమ్మా?"

"కొంటాను. కిందికి దిగు, షూ షాపు చూపించు."

నాలుగువేలు పెట్టి అడుగు బాగా పట్టు ఉన్న జత ఒకటి తీసుకున్నాను, అరసైజు పెద్దది. మధ్యాహ్నానికి పాదాలు ఉబ్బుతాయని, షూ సాయంత్రం వేళ కొనాలని షాపువాడే చెప్పాడు. పట్టీ ఇంటికెళ్లి కడిగి, రాత్రి వాళ్లమ్మ చేతికిచ్చి వచ్చాను.